బోర్డు మీద లేని జవాబు

సోమవారం పొద్దున స్పెషల్ క్లాసు మొదలవగానే లెక్కల వీరేశం సార్ కొన్ని పేర్లు చదివి, "మీరంతా పుస్తకాలు దీస్కొని ల్యాబ్ రూముకు నడువుండ్రి" అన్నాడు. ఆ పేర్లలో మానస పేరు కూడా ఉంది. మానస కదల్లేదు. తనకు తెలియకుండా క్లాసులోకి ఇంకో మానస ఎవరైనా వచ్చి చేరిందేమోనని వెనక బెంచీల వైపు చూసింది. ఎవరూ లేరు. ఉన్నవాళ్లంతా తననే చూస్తున్నారు.

"నిన్నే బిడ్డా. లే, టైం అయితాంది."

మానస లేచింది. బ్యాగు జిప్పు సగం వేసి, సగం వదిలేసి నడిచింది. గుమ్మం దాటేటప్పుడు పక్క సీటు యాదశ్రీ తల దించుకుని స్కేలుతో బల్ల మీద మురికి గీకుతోంది. చిన్నప్పటి నుంచి ఒక్క బెంచీ మీద కూర్చున్న మనిషి, ఒక్కసారి తల ఎత్తితే ఏం పోయేదో!

సూరెల్లి హైస్కూల్లో ల్యాబ్ రూము అంటే ఏమిటో అందరికీ తెలుసు. ల్యాబు పోయి చాలా కాలమైంది, పేరు మిగిలింది. సంక్రాంతి సెలవులు దగ్గరపడే వేళకు పదో తరగతిని రెండు ముక్కలు చేసి, 'ఏ' గ్రూపును క్లాసులో ఉంచుతారు, 'బీ' గ్రూపును ఇక్కడికి పంపుతారు. 'ఏ' గ్రూపుకు పుస్తకం మొత్తం చెబుతారు. 'బీ' గ్రూపుకు పాసవడానికి ఎంత కావాలో అంత చెబుతారు. గ్రాఫులు, సగటు, పటాలు గీయడం, పైథాగరస్. అంతే. త్రికోణమితి జోలికి పోరు. వీరేశం సార్ చెడ్డవాడేమీ కాదు. పదో తరగతి మొత్తానికి లెక్కలు చెప్పేది ఆయనొక్కడే. ఒక్కరు కూడా ఫెయిల్ కావద్దని హెడ్మాస్టర్ రోజూ ఆయన ప్రాణం తీస్తాడు. అందరినీ ఒడ్డుకు చేర్చాలనే ఆయన ఆరాటం. కాకపోతే కొందరిని ఒడ్డున దించి, ఇక మీరు ఇక్కడే కూర్చోండి అంటాడు.

మానసకు అక్కడే కూర్చోవాలని లేదు. పది కాగానే పాలిటెక్నిక్ ఎంట్రెన్స్ రాయాలి, నల్గొండలో సివిల్ డిప్లొమా చదవాలి. రామన్నపేట రోడ్డు మీద కల్వర్టు కడుతున్నప్పుడు, మూడు కాళ్ల స్టాండు మీద దుర్భిణి లాంటిది పెట్టి ఒకావిడ ఒక కన్ను మూసి చూడటం చూసింది. ఆవిడ చెయ్యి ఎత్తితే మేస్త్రీలు ఆగిపోయారు. ఆ చెయ్యి తనది కావాలని మానస కోరిక. ఆ ఎంట్రెన్సులో త్రికోణమితి ఉంటుంది. ల్యాబ్ రూములో ఉండదు.

అసలు తను ఇక్కడికి ఎందుకొచ్చిందన్నదే అర్థం కాలేదు. శుక్రవారం పెట్టిన స్లిప్ టెస్టు వల్లే వచ్చిందని తెలుసు. సగం మార్కులు కూడా రాలేదు. కానీ ఆ సగం ఎందుకు రాలేదు?

*

మధ్యాహ్నం భోజనాల దగ్గర యాదశ్రీ తనే వచ్చింది. పళ్లెంలో అన్నం కలపకుండా చేతిలో పెట్టుకుని నిలబడింది.

"కోపమొచ్చిందానే?"

"నా పేపర్ నువ్వే దిద్దినవ్ గదా. ఎందుకు ఇంటూలు పెట్టినవే?"

స్లిప్ టెస్టు పేపర్లు సార్ దిద్దడు. అన్ని పేపర్లు దిద్దడం ఎవరి తరం కాదు. రాయడం అయిపోగానే, "మార్చుకోండ్రి" అంటాడు. పేపర్లు చేతులు మారతాయి. సార్ జవాబులు గబగబా బోర్డు మీద రాసి చుట్టూ గడి కడతాడు. పిల్లలంతా ఎర్ర పెన్నులు తీస్తారు. ఆ పావుగంట ప్రతివాడూ ఒక సారే. బోర్డు మీద ఉన్నదీ పేపర్లో ఉన్నదీ కలిస్తే టిక్కు, కలవకపోతే ఇంటూ. అంత తేలిక.

"బోర్డు మీద గట్ల లేదే" అంది యాదశ్రీ. "సార్ ఆరు బై రూట్ రెండు అని రాసిండు. నువ్వేమో మూడు రూట్ రెండు అని రాసినవ్. నేనేం జెయ్యాలె? నువ్వు నా దోస్తువని టిక్కు పెడితే సార్ నన్ను గూడ ల్యాబ్ రూముకు తోల్తడు."

"స్టెప్పులు జూడలేదా?"

"స్టెప్పులు ఎవరు జూస్తరే? టైమేడుంది? సార్ అప్పటికే రెండో జవాబు గూడ రాసిండు."

అందులో అబద్ధం లేదు. మానస కూడా ఎన్నో పేపర్లు అట్లాగే దిద్దింది. యాదశ్రీ తన పళ్లెంలోని గుడ్డు తీసి మానస పళ్లెంలో పెట్టి వెళ్లిపోయింది. గుడ్డు ఇస్తే త్రికోణమితి వస్తుందా? మానసకు నవ్వు, ఏడుపు రెండూ ఒకేసారి వచ్చాయి.

బడి విడిచే వేళకు సార్ బండి స్టార్ట్ చేస్తుంటే పేపర్ పట్టుకుని ఎదురుగా నిలబడింది. సార్ ఒక చేత్తో హెల్మెట్ పట్టుకుని, రెండో చేత్తో పేపర్ తీసుకున్నాడు. ఆయన చూపు పైనున్న మార్కుల మీద ఆగింది. కిందికి దిగలేదు.

"సార్, నా తప్పేందో నాకు దొరుకుత లేదు."

"బోర్డు మీది ఆన్సర్ రాసుకున్నవా?"

"రాసుకున్న సార్."

"దానితోని చూసుకో. కలవలేదంటే స్టెప్పులల్ల ఎక్కడనో పోయింది. ఎతుకు, దొరుకుతది. నువ్వు మంచిగ జేసే పిల్లవే, మొన్న కామెర్లతోని చాన రోజులు రాలె గదా, గందుకే ఎనకబడ్డవ్. ఫికర్ జెయ్యకు, పాసయితవ్."

పాసవుతానో లేదోనని తను ఎప్పుడు అడిగింది? బండి గేటు దాటాక ఆ మాట గుర్తొచ్చి మానసకు ఒళ్లు మండింది.

*

ఇంట్లో సాయంత్రం పూట మగ్గం చప్పుడు ఆగదు. బాపు రాంచందర్ మగ్గం గుంటలో కాళ్లు పెట్టి నేస్తున్నాడు. అమ్మ లీలమ్మ అరుగు మీద నూలు కండెలు చుడుతోంది. మానస గడపలో కూర్చుని, ఇంటూ పడ్డ లెక్కల్లో మొదటిది మళ్లీ చేసింది.

ఆరు మీటర్ల నిచ్చెన గోడకు ఆనించి ఉంది. నేలతో నలభై ఐదు డిగ్రీల కోణం చేస్తోంది. అది గోడ మీద ఎంత ఎత్తుకు చేరింది? నిచ్చెన గీసింది. కోణం పెట్టింది. ఆరు బై రూట్ రెండు వచ్చింది. అక్కడికి సార్ జవాబూ తన జవాబూ ఒకటే. అక్కడ ఆగితే గొడవే లేదు. కానీ తొమ్మిదో తరగతిలో లెక్కలు చెప్పిన రోజారమణి మేడం అక్కడ ఆగనిచ్చేది కాదు. "కింద రూట్ ఉంచి లేస్తే నాకు నచ్చది. దాన్ని పైకి దెచ్చినంకనే పెన్ను కింద పెట్టుండ్రి" అనేది. వేసవిలో మేడం పానగల్‌కు బదిలీ అయింది. ఆమె పోయినా ఆ మాట మానస చేతిలో ఉండిపోయింది. చెయ్యి దానంతటదే పైనా కిందా రూట్ రెండుతో హెచ్చవేసి, మూడు రూట్ రెండు రాసేసింది. ఇంటూ పడ్డ మిగతా లెక్కల్లోనూ అదే చేసింది.

అంటే తప్పు ఇక్కడే జరిగిందన్నమాట. మేడం చెప్పిందే తప్పా? ఏడాది పాటు క్లాసు మొత్తానికి తప్పు చెప్పిందా? మరి మిగతావాళ్లు ఎందుకు మానేశారు? తను కామెర్లతో పడుకున్నప్పుడు సార్ ఏదో కొత్త సూత్రం చెప్పి ఉంటాడు. పదో తరగతికి వచ్చాక కింద రూట్ కిందనే ఉండాలేమో. తరగతి మారితే లెక్క మారుతుందా?

"బాపూ, జర నీ ఫోన్ ఇయ్యవా?"

రాంచందర్ మగ్గం ఆపి ఫోన్ ఇచ్చాడు. అది పాత ఫోను, అందులోని క్యాలిక్యులేటర్‌కు కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం తప్ప ఏమీ రావు. రూట్ రెండుకు 1.414 వేసుకుంది. ఆరును దానితో భాగించింది. 4.243 వచ్చింది. మూడును దానితో గుణించింది. 4.242 వచ్చింది.

మానస అంకెలన్నీ చెరిపేసింది. మళ్లీ కొట్టింది. మళ్లీ అంతే. సార్‌ది చివరన మూడు, తనది చివరన రెండు. తేడా ఉంది! ఇంతసేపూ మనసులో ఓ మూల, తనది కూడా రైటేనేమో అన్న ఆశ ఉండేది. క్యాలిక్యులేటర్ దాన్ని కూడా తీసేసింది.

"ఏమైందే? మొఖం గట్ల పెట్టినవ్?" లీలమ్మ కండె తీస్తూ అడిగింది.

"నా నిచ్చెన సార్ నిచ్చెన కంటే కొంచెం పొట్టిగ వచ్చిందమ్మా."

"ఎంత పొట్టి?"

"మీటర్ల వెయ్యో వంతు."

"అంటే?"

మానస వేళ్లతో చూపించబోయింది. రెండు వేళ్ల మధ్య సందు కూడా మిగల్లేదు.

"గంతకే రూం మార్చిండ్రా?" లీలమ్మ నోరు వెళ్లబెట్టింది. "గా మాత్రం తేడా ఎవనికి కండ్లవడ్తదే? ఏవయ్యా, నువ్వు రేపు బడికి వొయ్యి అడుగు."

"నేను పోయి ఏమని అడగాలె?" అన్నాడు రాంచందర్. "నిచ్చెన పొట్టిగైంది, మా బిడ్డను 'ఏ' గ్రూపుల కూసోవెట్టుండ్రి అని అడగాల్నా?" ఆయన వేళాకోళం చేయలేదు. నిజంగానే ఏమని అడగాలో తెలియక కూతురి వైపు చూశాడు. కూతురికి కూడా తెలియదు. ఆయన మళ్లీ నేత మొదలుపెట్టాడు.

*

మంగళవారం, బుధవారం ల్యాబ్ రూములో గ్రాఫులు గీశారు. సార్ క్లాసులో 'ఏ' గ్రూపుకు చెబుతున్నంతసేపూ వీళ్లు మెటీరియల్ చూసి నోట్సులోకి దించాలి. సాయంత్రం ఒక గంట సార్ వీళ్ల దగ్గరికి వస్తాడు. గోడ అవతల నుంచి ఆయన గొంతు వినిపించేది. "ఊర్ధ్వకోణం", "నిమ్నకోణం" అన్న మాటలు తెగి తెగి వచ్చేవి. మానస గ్రాఫు కాగితం మీద చుక్కలు పెడుతూ ఆ మాటలను పోగు చేసుకోవాలని చూసింది. సగం మాటలతో ఏ లెక్కా నిలబడలేదు. రెండో రోజుకు ఆ ప్రయత్నం కూడా వదిలేసింది. తప్పు వెతకడం మాత్రం వదల్లేదు. నిద్రలో కూడా తప్పు ఎక్కడో దాక్కుని, తనను చూసి నవ్వుతున్నట్టే అనిపించింది.

గురువారం పొద్దున పక్కన కూర్చున్న హనీఫా ఆమె చేతిలోని పేపర్ లాక్కుంది. హనీఫా ఆరో తరగతి నుంచీ ఇటువంటి రూముల్లోనే ఉంది. దానికి ఆమెకేం నామోషీ లేదు. మూడో బెంచీ తన సొంత జాగా అన్నట్టు కూర్చుంటుంది.

"మూడు రోజుల సంది గీ కాయిదం పట్టుకొని ఏడుస్తున్నవ్. ఏముందే ఇందుల?"

"నా తప్పుంది. దొరుకుత లేదు."

హనీఫా లెక్క చదివింది. "గీ నిచ్చెన లెక్క నేను గూడ జేసిన. నాకు మూడోది ఏదో వచ్చింది. ఇంటూ పెట్టిండ్రు." ఆమె తన పేపర్ తీసి చూపించింది. చివర్న రూట్ పద్దెనిమిది అని ఉంది.

మానస దాని వైపు ఒక్క క్షణం చూసింది. సార్ రాసిన ఆరు బై రూట్ రెండు కాదు, తన మూడు రూట్ రెండూ కాదు. "తప్పే" అంది. చేతిలో పెన్ను ఉంటే ఆ ఇంటూ మీద ఇంకో ఇంటూ పెట్టేదే.

"తప్పని నాకెర్కలేదా?" హనీఫా నవ్వింది. "ఎక్కడ తప్పయిందో చెప్పు, చాలు."

మానసకు సార్ మాట గుర్తొచ్చింది. స్టెప్పుల్లో వెతుకు, దొరుకుతది. తన పేపర్లో దొరకనిది హనీఫా పేపర్లోనైనా దొరుకుతుందేమోనని వేలు పెట్టి ఒక్కో వరుసా చదివింది. హనీఫాకు త్రికోణమితి రాదు. అందుకని పైథాగరస్ పట్టుకుంది. నలభై ఐదు డిగ్రీలంటే గోడ ఎత్తు, నేల మీద దూరం రెండూ సమానమే. రెండు వర్గాలు కలిపితే ఆరు వర్గం, ముప్పై ఆరు. ఒక్కో వర్గం పద్దెనిమిది. కాబట్టి ఎత్తు రూట్ పద్దెనిమిది.

తప్పు దొరకలేదు. మళ్లీ చదివింది. దొరకలేదు.

"ఆగు, ఇంకో రకంగ చూపిస్త" అంది మానస. "నీది తప్పయితే దాని వర్గం మా జవాబుల వర్గంతోని కలవొద్దు. నీది వర్గం చేస్తే పద్దెనిమిది. నాది చేస్తే..." మూడు వర్గం తొమ్మిది. రూట్ రెండు వర్గం రెండు. తొమ్మిది రెండ్లు. పెన్ను ఆగింది. పద్దెనిమిది అని రాసింది. సార్ జవాబును వర్గం చేసింది. ముప్పై ఆరు బై రెండు. పద్దెనిమిది.

మూడు జవాబుల కిందా మూడు పద్దెనిమిదులు ఉన్నాయి.

మానస ఫోన్లో చేసిన లెక్క గుర్తు చేసుకుంది. మరి ఆ వెయ్యో వంతు? ఫోన్లో కొట్టిన 1.414 రూట్ రెండు మొత్తం కాదు. దాని తర్వాత అంకెలు పోతూనే ఉంటాయి, తను మధ్యలో కోసేసింది. పొట్టి అయింది నిచ్చెన కాదు, తను వేసుకున్న అంకె. ఎంత తేలికైన సంగతి! దీని కోసం మూడు రోజులు తిండి సహించలేదు.

"ఏందే, చెప్తవా లేదా?" హనీఫా మోచేత్తో పొడిచింది. "ఎక్కడ తప్పు?"

"ఎక్కడా లేదు."

"నీ పేపర్ల?"

"నా పేపర్ల లేదు. నీ పేపర్ల గూడ లేదు."

హనీఫా ఆమెను ఎగాదిగా చూసింది. "కామెర్లు ఇంక తగ్గలేదానే నీకు?"

*

సాయంత్రం వీరేశం సార్ సుద్దముక్కల డబ్బాతో ల్యాబ్ రూములోకి వచ్చేసరికి బోర్డు మీద మూడు జవాబులున్నాయి. పక్కన నిచ్చెన బొమ్మ ఉంది. మానస బోర్డు పక్కనే నిలబడి ఉంది. రూముకు రూము ఆమెనే చూస్తోంది.

"సార్, ఈ మూడింట్ల ఏది రైటు సార్?"

సార్ డబ్బా బల్ల మీద పెడుతూనే బోర్డు వైపు ఓ చూపు చూశాడు. "మూడూ ఒకటే గదమ్మా. అడిగే ముచ్చటనా ఇది? ఒకటి రూట్ పైకి దెచ్చి రాసిండ్రు, ఒకటి అట్లనే విడిచిండ్రు, ఇంకోటి లోపల వెట్టిండ్రు. కూసో."

మానస కూర్చోలేదు. ఆయనకు తెలుసు. అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. మూడు రోజులు తను తలబద్దలు కొట్టుకున్నది ఆయనకు ఒక్క చూపు పని. ఆ సంగతి తెలిసినందుకు సంతోషం కలగాలి. అంతకంటే ముందు కోపం వచ్చింది. ఏడుపు వచ్చేలోపే పేపర్ చాచింది.

ఈసారి సార్ చూపు కిందికి దిగింది. ఎర్ర ఇంటూల మీద ఒక్కొక్కటిగా ఆగుతూ పోయింది. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఎవరు దిద్దిండ్రు ఇది?"

"బోర్డు జూసి దిద్దిండ్రు సార్" అంది మానస. యాదశ్రీ పేరు చెప్పలేదు.

సార్ జేబులోంచి పెన్ను తీశాడు. ఇంటూల పక్కన టిక్కులు పెట్టుకుంటూ వచ్చాడు. మార్కులు కూడి, పైన ఉన్నదాన్ని కొట్టేసి కొత్తది రాశాడు. "రేపటి సంది నువ్వు ఆ రూంకు రా బిడ్డా. పోయిన పాఠాలు నేను చెప్త. పొద్దుగాల జర జల్ది రా" అన్నాడు. గొంతు తగ్గించి, "నాకు చెప్పాల్సింది గదా" అన్నాడు. అంతలోనే ఆయనకు బండి దగ్గర నిలబడ్డ పిల్ల గుర్తొచ్చినట్టుంది. ఆ మాట అక్కడే వదిలేశాడు.

మానసకు గుండె తేలికైంది. నల్గొండ మళ్లీ తన చేతికి అందేంత దగ్గరికి వచ్చింది. థాంక్యూ సార్ అనబోయింది. తప్పు తనది కాదు గదా, థాంక్యూ ఎందుకు? పేపర్ మడతపెట్టింది.

"మరి నాది సార్?"

మూడో బెంచీలోంచి హనీఫా లేచి వచ్చింది. ఆమె పేపర్ నలిగి ఉంది. సార్ తీసుకుని బల్ల మీద సాఫు చేశాడు. రూట్ పద్దెనిమిది పక్కన టిక్కు పెట్టాడు. పెన్ను కిందికి జరిగింది. బోర్డు మీద ఒకటి బై రెండు అని రాసిన చోట హనీఫా 0.5 అని రాసింది. ఇంటూ. మూడు బై రెండు ఉన్న చోట 1.5 అని రాసింది. ఇంటూ. సార్ తల ఎత్తాడు.

"అన్నీ పాయింట్లల్లనే ఎందుకు రాసినవ్ బిడ్డా?"

"నాకు భిన్నాలంటే భయం సార్. కింద ఒకటి, మీద ఒకటి ఉంటే పరేషాన్ అయితది. గందుకే భాగారం జేసి పాయింట్లు వెట్టుకుంట. చిన్నప్పటి సంది గంతే."

సార్ 0.5 పక్కన ఇంటూ కొట్టేశాడు. టిక్కు పెట్టాడు. ఇంకో టిక్కు పెట్టాడు. అన్నీ రైటు కాలేదు, కొన్ని ఇంటూలు ఇంటూలుగానే ఉండిపోయాయి. కూడి చూసి పైన మార్కులు మార్చాడు. "నువ్వు గూడ రేపు ఆ రూంకు రా" అన్నాడు.

హనీఫా నవ్వలేదు. పేపర్ తీసుకోలేదు. కనుబొమలు ముడిచి, కొత్త మార్కుల వైపు, సార్ వైపు మార్చి మార్చి చూసింది. వెనక బెంచీలోంచి ఎవరో తమ పేపర్ తీస్తున్న చప్పుడు అయింది. ఇంకెవరో బ్యాగు జిప్పు తీశారు.

"అయితే సార్," అంది హనీఫా మెల్లగా, "నేను ఎప్పటి సంది రైటు?"

వీరేశం సార్ నోరు తెరిచాడు. ఆరో తరగతి నుంచి ఆమె పేపర్లు ఎవరెవరు దిద్దారో ఆయనకేం తెలుసు? తన క్లాసులో ఇట్లా ఎన్ని పేపర్లు చేతులు మారాయో కూడా ఆయన ఎన్నడూ చూడలేదు. బోర్డు వైపు చూశాడు. అక్కడ ఆయన చేత్తో రాసింది ఏదీ లేదు. మళ్లీ ఆ పిల్ల వైపు చూశాడు. ఆయన ముఖంలో అటువంటి చూపు మానస ఎన్నడూ చూడలేదు. సుద్దముక్క పట్టుకుంటే జవాబు లేకుండా దించని మనిషి ఆయన.

"తెల్వది బిడ్డా" అన్నాడు.